నాయన పాత లాప్‌టాప్‌కి ఇంటి వైఫై ఒక రోజు కనబడుతుంది, ఒక రోజు మాయం. ఎవరికన్నా అర్థమైతే చెప్పండి

డీటీపీ_వారి_అబ్బాయి · శుక్రవారం రాత్రి 11:10

అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదివి పోయేవాణ్ణే, రాయడం ఇదే మొదలు, పొడుగైతే ఏమనుకోవద్దండి. మాది ప్రొద్దుటూరు, ఉండేది బెంగళూరు మున్నేకొళాలలో, మూడో అంతస్తు బాడుగ ఇల్లు. మా నాయన ముప్పై ఏండ్లు డీటీపీ అంగడి నడిపినాడు, పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, ఎలక్షన్లొస్తే పగలూ రాత్రీ అదే పని. మొన్న అంగడి మూసేసి అమ్మా ఆయనా నా దగ్గరికి వచ్చేసినారు. వస్తా వస్తా ఆయన వొళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న ఆస్తి ఒకటే, 2010లో మా బావ అమెరికా నుంచి తెచ్చిచ్చిన లాప్‌టాప్. కోర్ 2 డ్యుయో, 3 జీబీ ర్యామ్, విండోస్ 7, లోపల పత్రికలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపుకి 'అను' ఫాంట్లు, ఊర్లో సగం మంది పెళ్ళి పత్రికలు.

సమస్య ఏమంటే దాంట్లో వైఫై లిస్టు తెరిస్తే చుట్టుపక్కల ఇండ్లవి పదిహేను పదహారు పేర్లు కనబడతాయి, మాది మాత్రం కనబడదు. రూటర్ అదే రూములో ఉంది, నాలుగడుగుల దూరం! ఫోన్లకి, నా ఆఫీసు లాప్‌టాప్‌కి, టీవీకి అదే వైఫై బ్రహ్మాండంగా వస్తాంది. ఒక్కో రోజు ఉన్నట్టుండి మా పేరు కనబడుతుంది, కనెక్ట్ అయితుంది, రెండు మూడు రోజులు బాగుంటుంది, మళ్ళా మాయం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి మారుతున్నట్టు నాకు అనుమానం, వోల్టేజీ వల్ల లోపలి వైఫై కార్డు దెబ్బతినిందేమో అని. డ్రైవర్ తీసేసి మళ్ళా వేసినా, పాస్‌వర్డ్ మర్చిపోమని చెప్పి మళ్ళా కొట్టినా, ఏమీ లాభం లేదు. మా నాయనేమో "ప్రొద్దుటూర్లో బాగానే ఉండె, మీ బెంగళూర్లోనే ఏందో తేడా" అంటాడు.

కొత్తదే_కొను · శుక్రవారం రాత్రి 11:32

పదిహేనేళ్ళ లాప్‌టాప్ బ్రో. మ్యూజియంలో పెట్టి కొత్తది కొను, ఈఎంఐ ఉంది కదా.

డీటీపీ_వారి_అబ్బాయి · శుక్రవారం రాత్రి 11:40

కొనిస్తానంటే వద్దంటాడన్నా. పేజ్‌మేకర్ 7 తర్వాత కొత్త వెర్షనే రాలేదు, అది 2001 నాటిది, కొత్త మిషన్‌లో పడుతుందో లేదో, పడినా అను కీబోర్డు లేఅవుట్ ఆయన వేళ్ళల్లో ఉంది, కళ్ళు మూసుకుని కొడతాడు. ఆ ముక్క మాత్రం వదిలేయండి.

హైదరాబాద్_టు_హెచ్ఎస్ఆర్ · శుక్రవారం రాత్రి 11:51

అన్నా ముందుగాల సైడుకి స్విచ్ ఉందేమో జూడు. పాత లాప్‌టాప్‌లల్ల అంచుకి చిన్న బటన్ ఉంటది వైఫైది, బ్యాగుల పెట్టేటప్పుడు జరుగుతది. నేను దానికోసం ఒకసారి విండోస్ మొత్తం ఫార్మాట్ కొట్టిన, తర్వాత మా తమ్ముడు స్విచ్ ఇట్ల అన్నడు, వచ్చింది. రెండ్రోజులు ఎవ్వరికీ మొఖం చూపియ్యలే.

కుందనహళ్ళి_కాఫీ · శనివారం ఉదయం 7:20

స్విచ్ ఆఫ్‌లో ఉంటే పక్కింటి వాళ్ళ పేర్లు కూడా కనబడవు కదండీ. ఆయనకి పదహారు కనబడుతున్నాయి, అంటే కార్డు వింటోంది. వీళ్ళ ఇంటి ఒక్కదాన్నే వినట్లేదు. రూటర్ వైఫైని రెండు బ్యాండ్లలో, అంటే రెండు రేడియో దారుల్లో పంపుతుంది, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని. నాకు అనుమానం 5 మీద. పాత కార్డులు చాలావాటికి 2.4 ఒక్కటే వస్తుంది. మీ రూటర్‌లో 2.4 ఎవరో ఆపేసి ఉంటే మీ పేరు ఆ లాప్‌టాప్‌కి అసలు ఉండదు. రెండు బ్యాండ్లకీ ఒకటే పేరు పెట్టారా?

డీటీపీ_వారి_అబ్బాయి · శనివారం ఉదయం 8:05

ఔనక్కా రెండింటికీ ఒకటే పేరు. ఫైబర్ వాళ్ళు పెట్టిపోయిందే, నేను ఏమీ మార్చలేదు. 2.4 అయితే ఆన్‌లోనే ఉండాల, ఎందుకంటే మా ఇంట్లో వైఫై ప్లగ్గు ఒకటి ఉంది గీజర్‌కి, దానికి 2.4 తప్ప రాదని డబ్బా మీదే రాసుంది, అది బాగానే పని చేస్తాంది.

కుందనహళ్ళి_కాఫీ · శనివారం ఉదయం 8:11

ఓ. అయితే నా థియరీ పోయింది. ప్లగ్గు సాక్ష్యం గట్టిదే :)

లినక్స్_పిచ్చోడు · శనివారం ఉదయం 9:30

నేను చెప్పేది మీకు నచ్చదని తెలుసు కానీ ఒక పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసి, ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చెయ్యండి. అక్కడ కూడా మీ వైఫై కనబడకపోతే విండోస్ తప్పు కాదు, డ్రైవర్ తప్పు కాదు అని తేలిపోతుంది. హార్డ్ డిస్కుని ముట్టుకోదు, నాన్నగారి పత్రికలకి ఏమీ కాదు. ఒట్టు.

ఇంకోటి, విండోస్‌లోనే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో డ్రైవర్స్ అని కొట్టండి (ఇక్కడ తెలుగులో రాస్తున్నా, అక్కడ ఇంగ్లీషులోనే కొట్టాలి మహానుభావా). కార్డు పేరు, ఏ ఏ రేడియో రకాలు వస్తాయో చెబుతుంది.

డీటీపీ_వారి_అబ్బాయి · శనివారం మధ్యాహ్నం 1:15

రెండూ చేసినా. కార్డు ఏథెరాస్ ఏఆర్9285, రేడియో రకాలు 802.11 బీ, జీ, ఎన్. మింట్‌లో కూడా అంతే, పక్కిండ్లవి వస్తాండాయి మాది లేదు. మధ్యలో మా నాయన చూసి "నా డెస్క్‌టాప్ యాడికి పోయిందిరా" అని అరిచినాడు, బీపీ మాత్ర వేసుకునే దాకా వచ్చింది. పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేసి అన్నీ చూపిస్తే గాని నమ్మలేదు.

లినక్స్_పిచ్చోడు · శనివారం మధ్యాహ్నం 1:22

అయ్యో సారీ. కానీ ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌ని కేసులోంచి తప్పించొచ్చు. ఆ కార్డు 2.4 మాత్రమే, కుందనహళ్ళి మేడమ్ అన్నట్టే. బాగానే పనిచేసే చిప్పు అది, లినక్స్‌లో దానికి పేరుంది.

మారతహళ్ళి_బ్రిడ్జి · శనివారం మధ్యాహ్నం 2:40

డబ్ల్యూపీఏ3 అయ్యుంటుంది బాస్. కొత్త రూటర్లలో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 పెట్టేస్తున్నారు, పాత కార్డులకి అది అర్థం కాదు. డబ్ల్యూపీఏ2కి మార్చు, అయిపోతుంది. నాకు అలాగే అయింది.

గోదారి_రూటర్ · శనివారం సాయంత్రం 4:05

ఆయ్, ఇప్పుడే చూశానండి ఈ చర్చ. నేను నెట్‌వర్కింగ్‌లోనే పని చేస్తానండి, అందుకని కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఓపిక పట్టండి.

మారతహళ్ళి గారు చెప్పింది తప్పు కాదు గానీ ఈయన జబ్బు అది కాదండి. డబ్ల్యూపీఏ3 గొడవైతే పేరు లిస్టులో కనబడుతుంది, నొక్కితే కనెక్ట్ అవ్వదు. పాస్‌వర్డ్ తప్పైనా అంతే. తలుపు దాకా వెళ్ళాకే కదండీ తాళం సంగతి? ఈయనకి అసలు ఇల్లే కనబడట్లేదు. పేరే కనబడకపోడానికి కారణాలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. పేరు దాచి ఉండాలి, ఒక్కోరోజు కనబడుతుందన్నారు కాబట్టి అది కాదు. లేదా వైఫై 6 రూటరై ఉండాలి, కొన్ని పాత డ్రైవర్లకి ఆ కొత్త సిగ్నల్ తలకెక్కక పేరే చూపించవు. లేదా... మూడోది నేను ఇప్పుడే చెప్పను, రెండు ప్రశ్నలకి జవాబు కావాలండి.

ఒకటి, రూటర్ వైఫై 5దా 6దా. రెండోది అసలైంది: కరెంటు పోయి వచ్చాక మార్పు వస్తోందన్నారు కదా, అప్పుడు లాప్‌టాప్ ఆరిపోయి వెలుగుతోందా, రూటర్ ఆరిపోయి వెలుగుతోందా?

డీటీపీ_వారి_అబ్బాయి · శనివారం సాయంత్రం 4:50

రూటర్ కింద అట్టలో 802.11ఏసీ అని ఉంది, అంటే వైఫై 5 అనుకుంటా. రెండో ప్రశ్నకి, రెండూ ఆరిపోతాయన్నా. లాప్‌టాప్ బ్యాటరీ చచ్చి ఐదేండ్లయింది, చార్జర్ పీకితే నిమిషం నిలబడదు. రూటర్‌కి యూపీఎస్ లేదు.

గోదారి_రూటర్ · శనివారం సాయంత్రం 5:02

అయితే ఓ పని చెయ్యండి. లాప్‌టాప్‌ని అలాగే ఆన్‌లో ఉంచి, రూటర్ ఒక్కదాన్నే ఆపి, నిమిషం ఆగి, వెయ్యండి. పూర్తిగా లేచాక లాప్‌టాప్‌లో లిస్టు చూసి కనబడిందా లేదా కాగితం మీద రాయండి. ఇలా ఓ ఐదారు సార్లు. బోరే, కానీ చెయ్యండి. కనబడినప్పుడు, కనబడనప్పుడు, ఫోన్లో వైఫై అనలైజర్ లాంటి యాప్ ఏదైనా వేసుకుని మీ 2.4 పేరు పక్కన చానల్ నంబర్ ఎంతుందో అదీ రాయండి. 5 గిగాహెర్ట్జ్‌ది కాదండోయ్, 2.4ది.

కొత్తదే_కొను · శనివారం సాయంత్రం 5:30

ఇంత టైమ్‌కి నేను ఓవర్‌టైమ్ చేసి కొత్త లాప్‌టాప్ కొనేసేవాణ్ణి.

హైదరాబాద్_టు_హెచ్ఎస్ఆర్ · శనివారం సాయంత్రం 5:34

అరె ఊకో భయ్. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు. నాకైతే ఇది సీరియల్ కన్నా మంచిగనిపిస్తుంది, పొద్దటిసంది రిఫ్రెష్ కొడుతున్న.

డీటీపీ_వారి_అబ్బాయి · శనివారం రాత్రి 8:45

చేసినా. ఆరు సార్లు. మధ్యలో అమ్మ సీరియల్ పోయిందని తిట్లు కూడా పడినాయి. ఇదిగో కాగితం చూసి రాస్తాండా. మొదటిసారి కనబడలేదు, చానల్ 13. రెండోసారి కనబడలేదు, 13. మూడోసారి కనబడింది, చానల్ 6, కనెక్ట్ కూడా అయింది. నాలుగు, కనబడలేదు, 13. ఐదు, కనబడలేదు, 12. ఆరోది కనబడింది, 1.

ఇది చూస్తాంటే నాకే ఏదో అర్థమైతాంది కానీ పూర్తిగా కాలేదు. 12, 13 అంటే ఏమన్నా శకునమా?

గోదారి_రూటర్ · శనివారం రాత్రి 9:20

దొరికాడండి దొంగ!

కథేంటంటే, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుని చానళ్ళుగా కోస్తారు. 1వ చానల్ మధ్యబిందువు 2412 మెగాహెర్ట్జ్, అక్కణ్ణుంచి ఐదైదు చొప్పున పెరుగుతూ 11వది 2462, 13వది 2472. ఏ దేశంలో ఎన్ని వాడొచ్చు అనేది ఆ దేశం ఇష్టం. మన దగ్గర 2400 నుంచి 2483.5 దాకా 2005లోనే లైసెన్స్ లేకుండా వదిలేశారు, అందుకని మనకి 13 దాకా వాడుకోవచ్చు. అమెరికాలో ఆ పై అంచుకి ఆనుకుని వేరే సర్వీసు ఉండటంతో 12, 13లో పవర్ బాగా తగ్గించాలి, అందుకని అక్కడ అమ్మే సరుకుని మామూలుగా 11 దాకానే చేస్తారు. ఇంక 14 అని ఒకటుంది, అది జపాన్ వాళ్ళ సొంతం.

మీ లాప్‌టాప్ ఎక్కణ్ణుంచి వచ్చిందన్నారు? మీ బావగారు అమెరికా నుంచి. ఆ కార్డులో ఒక చిన్న మెమరీలో దేశం కోడ్ రాసేసి ఉంటుంది, "నేను అమెరికా దాన్ని, 11 దాటి వినను" అని. చెవుడు కాదండి, పట్టింపు. విండోస్ అయినా లినక్స్ అయినా ఆ కోడ్‌కి లోబడాల్సిందే, అందుకే మింట్‌లోనూ కనబడలేదు.

ఇంక కరెంటు సంగతి. మీ రూటర్ ఆటో చానల్‌లో ఉంది. లేచిన ప్రతిసారీ చుట్టూ విని, ఏ చానల్లో రద్దీ తక్కువుంటే అందులో కూర్చుంటుంది. మున్నేకొళాలలో ఒక బిల్డింగుకి ఇంకో బిల్డింగుకి మధ్య చెయ్యి పెట్టే సందు ఉండదు, 1, 6, 11 మీద అందరూ ఎక్కి కూర్చుని ఉంటారు. ఖాళీగా దొరికేది 12, 13. పాపం రూటర్ తెలివైన పనే చేస్తోంది. ప్రొద్దుటూర్లో చుట్టూ అంత రద్దీ లేదు కాబట్టి అక్కడి రూటర్‌కి 13 దాకా పోవాల్సిన అవసరం పడి ఉండదు. మీ నాన్నగారు "మీ బెంగళూర్లోనే తేడా" అన్నారు చూడండి, ఆయన కరెక్టండి.

డీటీపీ_వారి_అబ్బాయి · శనివారం రాత్రి 9:41

అన్నా మీకు దండం. ఇది చదివి వినిపిస్తే మా నాయన "నేను ముందే చెప్తి గదా" అని ఒక్క మాట అని పోయి పడుకున్నాడు. బావకి ఫోన్ చేసి చెప్తే ఆయనా నవ్వుతాడు, "వీసా లేకుండా వచ్చింది కదా మరి" అంటాడు.

ఇప్పుడు దేశం కోడ్ మార్చేయొచ్చా?

లినక్స్_పిచ్చోడు · శనివారం రాత్రి 9:58

లినక్స్‌లో దేశం ఇండియా అని సెట్ చేసే కమాండ్ ఉంది కానీ ఏథెరాస్ కార్డుల్లో అది ఉన్నదాన్ని ఇంకా బిగించగలదే గానీ కార్డులో రాసున్న దాన్ని సడలించలేదు. ఆ మెమరీలో వేలు పెట్టేవాళ్ళు లేకపోలేదు, మీరు మాత్రం వద్దు, పోతే కార్డు పోతుంది. రూటర్‌లో చానల్‌ని 1, 6, 11లో ఒకదానికి కట్టెయ్యండి చాలు.

గోదారి_రూటర్ · శనివారం రాత్రి 10:10

అంతేనండి. కార్డుని కదపొద్దు, రూటర్‌ని కదపండి. 1, 6, 11 ఎందుకంటే ఒక్కో సిగ్నల్ 20 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉంటుంది, చానళ్ళ మధ్య దూరం 5, కాబట్టి ఈ మూడే ఒకదానిమీద ఒకటి పడవు. మధ్యలో 3 అనో 8 అనో పెడితే అటు వాళ్ళనీ ఇటు వాళ్ళనీ ఇద్దర్నీ విసిగిస్తారు. యాప్‌లో చూసి మూడింట్లో కాస్త పల్చగా ఉన్నది ఎంచుకోండి. వెడల్పు కూడా ఆటోలో ఉంటే 20కి పెట్టండి. పనిలో పనిగా 2.4కి వేరే పేరు పెట్టేస్తే నాన్నగారికి వెతుక్కోవాల్సిన పని ఉండదు.

కుందనహళ్ళి_కాఫీ · శనివారం రాత్రి 10:31

గీజర్ ప్లగ్గు గుర్తుంచుకోండి! 2.4 పేరు మారిస్తే దాన్ని మళ్ళీ కొత్త పేరుకి కట్టాలి, లేదంటే పొద్దున్నే చన్నీళ్ళు. పాత పేరు 2.4కే ఉంచి 5కి కొత్త పేరు పెట్టండి, ఫోన్లు మార్చుకోవడం తేలిక.

డీటీపీ_వారి_అబ్బాయి · ఆదివారం ఉదయం 11:25

రూటర్ పేజీ 192.168.1.1 తెరిచినా. కింద అంటించిన అట్టలో ఉన్న యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొడితే తప్పు అంటాంది. పెట్టేటప్పుడు వచ్చినబ్బాయి మార్చేసినట్టున్నాడు. రీసెట్ బొక్కలో పిన్నీసు పెడదామా?

గోదారి_రూటర్ · ఆదివారం ఉదయం 11:31

వద్దండి బాబూ వద్దు! అది ఉత్త రూటర్ కాదు, ఫైబర్ డబ్బా. రీసెట్ కొడితే వాళ్ళు పెట్టిన సెట్టింగులు కూడా పోతాయి, వాళ్ళు వచ్చేదాకా నెట్టే ఉండదు. ఆదివారం పూట అసలే వద్దు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యండి, చాలామందికి ఆఫీసు నుంచే ఆ డబ్బాలోకి వెళ్ళి మార్చే వీలుంటుంది.

డీటీపీ_వారి_అబ్బాయి · ఆదివారం మధ్యాహ్నం 3:50

నలభై నిమిషాలు. మొదట ఎత్తినాయన కన్నడ, నాకొచ్చిన కన్నడ "స్వల్ప అడ్జస్ట్ మాడి" దాకానే. తర్వాత హిందీ ఆమె. చానల్ మార్చండి మేడమ్ అంటే "సార్ ఏ చానల్ రావట్లేదు, స్పోర్ట్సా మూవీసా" అని అడిగింది, నిజంగా. టీవీ కాదు మేడమ్ వైఫై చానల్ అంటే "మీరు 5జీకి కనెక్ట్ అవ్వండి సార్ స్పీడ్ వస్తుంది" అంటుంది. ఫోన్ 5జీ వేరు, వైఫై 5 గిగాహెర్ట్జ్ వేరు అని నేను చెప్పబోయి మానుకున్నా. చివరికి టెక్నికల్ వాళ్ళకి కలిపితే ఆ అబ్బాయి మన చిత్తూరు వాడు! రెండే రెండు నిమిషాలు. చానల్ 1కి కట్టేసినాడు, పేర్లు విడగొట్టినాడు, అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా చెప్పినాడు.

రూటర్‌ని నాలుగు సార్లు ఆపి వేసినా. నాలుగు సార్లూ కనబడింది!!!

హైదరాబాద్_టు_హెచ్ఎస్ఆర్ · ఆదివారం మధ్యాహ్నం 3:58

మస్తు మస్తు. ఇగ సమస్య ఖతం, టైటిల్ల సాల్వ్‌డ్ అని పెట్టు అన్నా.

డీటీపీ_వారి_అబ్బాయి · ఆదివారం రాత్రి 8:15

టైటిల్ మార్చబోతాంటే నాయన పిలిచినాడు. ఇల్లలకగానే పండగా అని ఊరికే అనలేదు. వైఫై కనెక్ట్ అయ్యే ఉంది, గీతలు నిండుగా ఉండాయి, కానీ మెయిల్ తెరవడం లేదు, పేపర్ సైటు తెరవడం లేదు, ఏది కొట్టినా ఎర్ర అక్షరాల్తో కనెక్షన్ సేఫ్ కాదు అంటాంది. నిన్న చానల్ 6 మీద ఉన్నప్పుడు ఇవే సైట్లు తెరుచుకున్నాయి. సాయంత్రం ఇక్కడ గంట సేపు కరెంటు పోయింది, దాని తర్వాతే.

ఎస్పీరోడ్_రెగ్యులర్ · ఆదివారం రాత్రి 8:22

కింద కుడి మూల గడియారం చూడండి. తేదీ ఎంతుంది?

డీటీపీ_వారి_అబ్బాయి · ఆదివారం రాత్రి 8:24

...1 జనవరి 2010.

ఎస్పీరోడ్_రెగ్యులర్ · ఆదివారం రాత్రి 8:37

బోర్డు మీద సెల్లు పోయింది. బటన్ సెల్లు, సీఆర్2032, మూడు వోల్టులు. మిషన్ ఆగిపోయినప్పుడు గడియారాన్ని నడిపేది అదే. మెయిన్ బ్యాటరీ బాగుంటే అది కాపాడేది, మీది ఎలాగూ పోయింది, కాబట్టి కరెంటు పోగానే పుట్టిన రోజుకి వెళ్ళిపోతోంది. సైటు అసలుదే అని చూపించే సర్టిఫికెట్ల మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని ఉంటుంది. మీ లాప్‌టాప్ దృష్టిలో ఇంకా 2010, ఆ సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు, అందుకని నమ్మట్లేదు. ప్రస్తుతానికి చేత్తో తేదీ సరిచెయ్యండి, తెరుచుకుంటాయి.

గోదారి_రూటర్ · ఆదివారం రాత్రి 8:49

నెట్ ఉంది కదా తనే సరిచేసుకోవచ్చు కదా అని అడుగుతారేమో. తేడా చిన్నదైతే సరిచేసుకుంటుందండి. విండోస్ 7లో మామూలు సెట్టింగు ప్రకారం 15 గంటలు దాటిన తేడా ఉంటే అది చెయ్యి పెట్టదు. ఇక్కడ తేడా గంటలు కాదు, ఏళ్ళు.

డీటీపీ_వారి_అబ్బాయి · ఆదివారం రాత్రి 8:55

తేదీ మారిస్తే తెరుచుకున్నాయి. అంటే మొదటినుంచీ రెండు రోగాలు, రెండూ కరెంటు పోయినప్పుడే బయటపడేవి, నేను రెండింటినీ ఒకటిగా కలిపి వోల్టేజీ అనుకున్నా. సెల్లు గోడ గడియారాల అంగట్లో దొరుకుతుందా?

ఎస్పీరోడ్_రెగ్యులర్ · ఆదివారం రాత్రి 9:08

తొందరపడి కొనొద్దు. ముందు విప్పి చూడాలి. కొన్ని లాప్‌టాప్‌లలో సెల్లు నేరుగా గూట్లో కూర్చుంటుంది, అది ఎక్కడైనా దొరుకుతుంది. కొన్నిట్లో సెల్లుకి రెండు వైర్లు అతికించి చివర చిన్న కనెక్టర్ ఉంటుంది, దానికి ఉత్త సెల్లు పనికిరాదు, వైరుతో ఉన్నదే కావాలి. టంకం వేసి అతికిద్దాం అని మాత్రం చూడొద్దు, వేడికి సెల్లు ఉబ్బి పగలొచ్చు. ఎస్పీ రోడ్డుకి (ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు) రండి, పాత సెల్లు పీకి జేబులో వేసుకుని రండి, చూపిస్తే ఇస్తారు. ఆదివారం చాలా షాపులు ఉండవు, మామూలు రోజు రండి. కారు బైకు వద్దు, పార్కింగ్‌కి సగం రోజు పోతుంది. కుందనహళ్ళిలో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ మారి, తర్వాతి స్టేషనే చిక్కపేట, అక్కణ్ణుంచి నడకే.

మారతహళ్ళి_బ్రిడ్జి · ఆదివారం రాత్రి 9:40

విండోస్ 7 మీద నెట్ అంటే కాస్త జాగ్రత్త బాస్. మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తోనే ఆగిపోయింది. క్రోమ్ 109 దగ్గర ఆగింది, ఫైర్‌ఫాక్స్ అయితే 115 ఈఎస్ఆర్ చివరిది, అది వేసుకోండి. బ్యాంకు పనులు, ఓటీపీ పనులు దాంట్లో వద్దు, ఫోన్లో చేసుకోమనండి. రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఉంటే ఆ లాప్‌టాప్‌ని దాంట్లో పెడితే ఇంకా మంచిది, మీ ఆఫీసు మిషన్‌కి దూరంగా ఉంటుంది. డబ్ల్యూపీఏ3 విషయంలో నేను తొందరపడ్డా, ఒప్పుకుంటున్నా.

డీటీపీ_వారి_అబ్బాయి · బుధవారం రాత్రి 9:30

అప్‌డేట్. నిన్న లీవు పెట్టి పోయినా, నాయన కూడా వస్తానన్నాడు, సరే అన్నా. ఎస్పీ రోడ్డులో ఆయన్ని చూడాల మీరు. ఇంట్లో మోకాళ్ళ నొప్పి అని బాల్కనీ దాటని మనిషి రెండు గంటలు నడిచినాడు, ప్రతి అంగడి ముందర ఆగి పాత లేజర్ ప్రింటర్ టోనర్ ధర కనుక్కుంటాడు, కొనేది లేదు పెట్టేది లేదు. ఒక మెట్ల కింద అంగట్లో పాత కీబోర్డుల కుప్ప చూసి వంగి ఒకదాని మీద వేళ్ళు పెట్టి చూసినాడు, "ఇట్లాంటిదే మన మొదటిది" అన్నాడు. నేనేం మాట్లాడలేకపోయినా.

సెల్లు వైరు రకమే, ఎస్పీరోడ్ అన్న చెప్పింది మంచిదయింది. అంగడాయన అక్కడే వేసిచ్చినాడు. ఈ రోజు కావాలనే మెయిన్ ఆపి అరగంట తర్వాత వేసినా: తేదీ సరిగ్గా ఉంది, వైఫై తనంతట తనే పట్టుకుంది.

కొత్తదే_కొను · బుధవారం రాత్రి 9:44

సరే ఓడిపోయా :) కానీ ఆ హార్డ్ డిస్క్ పోయిన రోజు పత్రికలన్నీ పోతాయి, ముందు బ్యాకప్ తీయించు. అది మాత్రం సీరియస్‌గా చెబుతున్నా.

డీటీపీ_వారి_అబ్బాయి · బుధవారం రాత్రి 9:50

ఇది మాత్రం వంద శాతం ఒప్పుకుంటా అన్నా. ఈ వారమే తీస్తా.

జయనగర్_ఫోర్త్_బ్లాక్ · గురువారం ఉదయం 10:12

ఇది చదివి మా ఇంట్లో ప్రింటర్ గుర్తొచ్చింది, మా చెల్లి న్యూజెర్సీ నుంచి తెచ్చింది, వైఫై వారానికొకసారి పోతుంది, రెండుసార్లు రిపేరుకి కూడా ఇచ్చా. ఇప్పుడే యాప్‌లో చూస్తే మా రూటర్ చానల్ 12!! 11కి మార్చా, ప్రింటర్ లేచి కూర్చుంది. రిపేరుకి పోసిన డబ్బులు తల్చుకుంటే ఏడుపొస్తోంది.

గోదారి_రూటర్ · గురువారం ఉదయం 10:40

చూశారా, ఇలాంటి సామాను బెంగళూరులో ఇంటికొకటుంటుందండి. మనవాళ్ళు సూట్‌కేసుల్లో తెచ్చినవే అన్నీ.

డీటీపీ_వారి_అబ్బాయి · గురువారం రాత్రి 10:05

చివరగా ఒకటి. నాయన ఈ రోజు ఆ లాప్‌టాప్ నుంచి నాకు మొదటి మెయిల్ పంపినాడు. ఆఫీసు మీటింగులో ఉండి తెరిస్తే అంతా పిచ్చి గుర్తులు, కామాలు, కొమ్ములు, ఇంగ్లీషు అక్షరాల మీద చుక్కలు. వైరస్ అనుకుని గుండె ఆగినంత పనయింది. ఇంటికొచ్చి అడిగితే తెలిసింది, ఆయన అను ఫాంట్‌లో టైపు చేసి అట్లే కాపీ కొట్టి మెయిల్లో పెట్టినాడు. ఆయన స్క్రీను మీద పేజ్‌మేకర్‌లో చక్కని తెలుగు, నా ఫోన్లో చెత్త. "నేను పంపింది బాగానే ఉంది, నీ ఫోన్ చూపించుకో" అంటాడు.

లినక్స్_పిచ్చోడు · గురువారం రాత్రి 10:11

అను నుంచి యూనికోడ్‌కి (ఫోన్లూ మెయిళ్ళూ చదివే మామూలు తెలుగు కోడ్‌కి) మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి, ఆ మెయిల్ కాపీ చేసి దాంట్లో వేసి చూడండి. కొత్త టాపిక్ తెరవండి కావాలంటే, ఇది ఇంకో పురాణం. ఇంతకీ ఏం రాశారు నాన్నగారు?

డీటీపీ_వారి_అబ్బాయి · గురువారం రాత్రి 10:26

మార్చి చూసినా. కొన్ని ఒత్తులు అటూ ఇటూ పోయినాయి కానీ చదవొచ్చు. "వచ్చేటప్పుడు అరకిలో చింతపండు, అమ్మకు మాత్రలు."